గురి తప్పిన సౌర తుఫాను

2014 జనవరి 7, రాత్రి 11:34. ఢిల్లీ చలికి ముడుచుకు పడుకుంది. ఆంధ్రప్రదేశ్ భవన్‌లో విభజన బిల్లు తప్ప వేరే మాట లేదు. తక్కిన ఊరిది పది రోజుల కిందట గద్దెనెక్కిన కేజ్రీవాల్ గోల. భూమికి ఆవలి వైపు మాత్రం పట్టపగలు. అక్కడ సూర్యబింబం దాదాపు నట్టనడుమ, 11944 అని నంబరు వేసిన మచ్చల గుంపు పక్కన జ్వాల లేచింది. అర్ధరాత్రి దాటిన రెండు నిమిషాలకు పతాకస్థాయికి చేరింది.

అదే పగలు లేచి ఉంటే ఢిల్లీ మీది అయనోఆవరణం ఉలిక్కిపడేది, షార్ట్‌వేవ్ రేడియో మూగబోయేది. ఆ సంగతుల్లో పూసాలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీది పాత చెయ్యి. అక్కడి ఎ.పి. మిత్రా 1974లో దానిమీదే ఒక పుస్తకం వేశారు. రాత్రి కావడంతో రాజధాని నిద్ర చెడలేదు.

జ్వాల వెలుగు ఎనిమిది నిమిషాల్లో వచ్చేస్తుంది. అసలు భయం వెనకాల వచ్చేదానితో. అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొచ్చే ఆ ప్లాస్మా మేఘం సెకనుకు 2,000 కిలోమీటర్లకు పైగా వేగంతో బయల్దేరింది. బింబం మధ్యలోంచి లేచింది కదా, సూటిగా మన మీదికే అనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. అమెరికాలో బౌల్డర్‌లోని అంతరిక్ష వాతావరణ కేంద్రం 9, 10 తేదీలకు బలమైన తుఫాను హెచ్చరిక జారీచేసింది. జ్వాల వెంట ఎగసిన రేణువులకు జడిసి, వర్జీనియాలో యాంటారెస్ రాకెట్ ప్రయోగాన్ని 8న ఆపేశారు.

9 పగలంతా గడిచింది. తుఫాను జాడ లేదు. మన గడియారం ప్రకారం ఆ అర్ధరాత్రి ఒంటి గంట దాటాక ఒక చిన్న కుదుపు, అంతే. యాంటారెస్ అప్పటికే ఎగిరిపోయింది.

మరి ఆ మేఘం ఎటు పోయింది? అంగారకుడి వైపు. 11 తెల్లవారుజామున అక్కడి నేల మీద ఉన్న క్యూరియాసిటీ రోవర్‌కు కాస్మిక్ కిరణాల తాకిడి ఉన్నట్టుండి తగ్గింది. మేఘం వాటికి అడ్డుపడిందన్నమాట. మన మంగళయాన్ అప్పటికింకా దారిలోనే ఉంది.

ఆస్ట్రియాలోని గ్రాజ్ శాస్త్రవేత్త క్రిస్టియన్ మ్యోస్టల్ బృందం 2015లో లెక్క తేల్చింది. మేఘం దాదాపు 37 డిగ్రీలు పక్కకు తిరిగింది. ఇలాంటప్పుడు అనుమానం ముందుగా సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాలోని రంధ్రాల మీదికి పోతుంది. ఈసారి తోసింది మాత్రం పక్కనే ఉన్న మచ్చల గుంపు అయస్కాంత క్షేత్రం. నీరు పల్లమెరుగు అన్నట్టు, ప్లాస్మా ఆ బలమైన క్షేత్రాన్ని తప్పించుకుని అడ్డు తక్కువున్న వైపు దారి చేసుకుంది. అదీ ఎక్కడ? సూర్యుడి ఉపరితలం నుంచి ఎనిమిది లక్షల కిలోమీటర్లు కూడా దాటకముందే. మనదాకా ఉన్న దారి పదిహేను కోట్ల కిలోమీటర్లు!

చిక్కల్లా అక్కడే. సోహో ఉపగ్రహంలోని కరోనాగ్రాఫ్ సూర్యబింబానికి అడ్డుపెట్టే తెర సరిగ్గా ఆ మలుపునే చాలావరకు కప్పేస్తుంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లో ఉన్న కరోనాగ్రాఫ్‌ను బెంగళూరు శాస్త్రవేత్తలు ఉపరితలానికి బాగా దగ్గరగా, సూర్యకేంద్రం నుంచి లెక్కేస్తే 1.05 సూర్య వ్యాసార్ధాల నుంచే చూసేలా తయారుచేశారు.