పలికే చెవి

లోచెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం ఒకటుంది. పేరు కర్ణావర్తం. చుట్లు విప్పి సాగదీస్తే సుమారు 35 మిల్లీమీటర్లు. అందులోని కణాల వరుసలను 1851లో ఇటలీకి చెందిన అల్ఫోన్సో కోర్టి సూక్ష్మదర్శినితో చూసి వర్ణించాడు. చూడటమైతే అయింది. అవి ఏం చేస్తాయో తేలడానికి మరో వందేళ్లకు పైగా పట్టింది.

1863లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఒక సమాధానం చెప్పాడు: ఒక్కో స్వరానికి లోపల ఒక్కో చోటు ఉంది, ఆ స్వరం రాగానే దానికి శ్రుతి కుదిరిన భాగమే కంపిస్తుంది. ఇందులో చాలా నిజముంది. కానీ కర్ణావర్తం నిండా ద్రవమే. తడిలో మునిగిన పోగు అంత నిక్కచ్చిగా ఎలా మోగుతుంది?

బుడాపెస్ట్‌లో తపాలా శాఖ టెలిఫోన్ ప్రయోగశాలలో పనిచేసిన బెకెషీ మృతుల చెవులను తెరిచి, పెద్ద శబ్దాలు పంపి కంపనాన్ని కళ్లారా చూశాడు. లోపలి పొర మీద అల ఒకటి పరుగెడుతుంది. హెచ్చు స్వరానికి మొదట్లోనే, తగ్గు స్వరానికి చివరి చుట్టు దగ్గర అది శిఖరానికి చేరుతుంది. 1961లో నోబెల్ వచ్చింది. ఆ గౌరవం న్యాయమే. అయితే ఆ అల మరీ వెడల్పు. దగ్గరదగ్గర స్వరాలను మనం తేడాగా వినడానికి అది చాలదు.

అప్పటికే, 1948లో, కేంబ్రిడ్జ్‌లో థామస్ గోల్డ్ అనే శాస్త్రవేత్త ఒక మాట అన్నాడు: బతికున్న చెవి తన శక్తితో కంపనాన్ని పెంచుకుంటుంది. అలాంటి చెవి ఒక్కోసారి తానే శబ్దం చేయాలి కూడా. ఆ మాట దాదాపు ముప్పయ్యేళ్లు ఎవరికీ పట్టలేదు. ఈ చరిత్రలో నన్ను బాధపెట్టే ఘట్టం ఇదే. మృతదేహంలో కనబడనిది బతికున్న మనిషిలోనూ లేదనుకున్నారు.

1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ చెవిలో మైక్రోఫోన్ పెట్టి ఆ శబ్దాన్ని పట్టుకున్నాడు. 1985లో బ్రౌనెల్ బృందం అసలు పనివాళ్లను చూపించింది. కోర్టి చూసిన కణాల్లో బయటి వరుసల రోమకణాలు విద్యుత్ మార్పుకు పొట్టివై, పొడవై కదులుతాయి. కంపనానికి బలమిచ్చేది ఆ కదలికే.

నేడు నిద్రపోతున్న పసిబిడ్డ చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి శబ్దం పంపి, చెవి ఇచ్చే జవాబు శబ్దాన్నే వెతుకుతారు. వినిపిస్తే ఆ బయటి రోమకణాలు పనిచేస్తున్నట్టే. లోపం నాడిలో ఉంటే మాత్రం ఈ పరీక్షకు అందదు, శబ్దానికి నాడి స్పందనను కొలిచే బెరా పరీక్ష చేయాల్సిందే.