ప్రాసెసర్ మార్చాలంటే బోర్డు కూడా ఎందుకు మార్చాలి? 30 ఏళ్ల సాకెట్ కథ

ఈ ఎపిసోడ్ మా పిన్ని ఫోన్ కాల్‌తో మొదలైంది.

"నాన్నా, తమ్ముడి కంప్యూటర్‌కి ప్రాసెసర్ మార్చాలంట. చీటీ పాడదామనుకుంటున్నా. నువ్వొకసారి చూసి చెప్పు" అంది. వెనకాలే తమ్ముడు వాట్సాప్‌లో షాపు వాళ్లిచ్చిన కొటేషన్ పంపాడు. ప్రాసెసర్ ఒక్కటే కావాలంటే అందులో మూడు ఐటమ్స్ ఉన్నాయి: కొత్త ప్రాసెసర్, కొత్త మదర్‌బోర్డు, కొత్త డీడీఆర్5 మెమరీ. "అన్నా, పాత బోర్డు పనికిరాదంట, మొత్తం మార్చాల్సిందేనంట" అన్నాడు.

ఆ పీసీ ఒకప్పుడు నాదే. 2019లో నా మొదటి జీతాలు కూడబెట్టి, సికింద్రాబాద్ సీటీసీలో ఒక్కో పార్ట్ కొనుక్కుని బిగించింది. రైజెన్ 5 2600, బి450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4. నేను ల్యాప్‌టాప్‌కి మారాక తమ్ముడికి ఇచ్చేశాను.

"ప్రాసెసర్ మారిస్తే బోర్డు ఎందుకు మార్చాలి?" అన్న పిన్ని ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు లేదు. దాని వెనకాల 30 ఏళ్ల కథ ఉంది. ఆ కథ తెలిస్తే మీ అప్‌గ్రేడ్‌లో ఏది కొనాలో, ఏది వద్దో మీకే అర్థమవుతుంది.

అందరికీ ఒకటే సాకెట్ ఉన్న రోజులు

1990ల మధ్యలోకి వెళ్దాం. అప్పుడు సాకెట్ 7 అని ఒకటి ఉండేది. ఇంటెల్ పెంటియం అందులోనే కూర్చునేది. ఏఎండీ కె5, కె6 కూడా అందులోనే. సైరిక్స్ అనే ఇంకో కంపెనీ చిప్ కూడా అందులోనే! అంటే బోర్డు ఒకటే, ప్రాసెసర్ ఏ కంపెనీదైనా పర్లేదు. బోర్డు మీద చిన్న చిన్న జంపర్లు ఉండేవి. వాటిని అటూ ఇటూ మార్చి వోల్టేజ్, స్పీడ్ సెట్ చేసుకునేవాళ్లు. ఆ చిప్‌కి కావాల్సిన వోల్టేజ్ బోర్డు ఇవ్వగలిగితే చాలు.

ఈరోజు ఒకే బోర్డులో ఇంటెల్ తీసి ఏఎండీ పెట్టడం ఊహించగలమా? అప్పుడు అది మామూలు విషయం.

1997లో ఈ కథ మలుపు తిరిగింది. ఇంటెల్ పెంటియం 2ని తెచ్చింది. అది సాకెట్‌లో కూర్చునే చిప్ కాదు, పాత వీడియో గేమ్ క్యాసెట్ లాంటి పెద్ద కార్ట్రిడ్జ్. దాన్ని స్లాట్ 1 అనే కొత్త స్లాట్‌లో నిలువుగా గుచ్చాలి. దీనికి ఒక టెక్నికల్ కారణం ఉంది. క్యాష్ మెమరీని ప్రాసెసర్ పక్కనే వేరే చిప్స్‌గా పెట్టాలి, దానికి చోటు కావాలి. అయితే ఆ స్లాట్ వాడుకునే లైసెన్స్ ఏఎండీకి దొరకలేదు. టెక్నికల్ కారణం నిజమే, బిజినెస్‌లో దాని ఫలితమూ నిజమే.

ఏఎండీ ఏం చేసింది? పాత ఇంటినే బాగు చేసుకుంది. 1998లో సాకెట్ 7కి 100 మెగాహెర్ట్జ్ బస్, ఏజీపీ గ్రాఫిక్స్ స్లాట్ కలిపి సూపర్ సాకెట్ 7 అన్నారు. కె6-2 అందులో నడిచింది. 1999లో ఆథ్లాన్‌తో ఏఎండీ కూడా సొంత స్లాట్ తెచ్చుకుంది, పేరు స్లాట్ ఎ. చూడ్డానికి స్లాట్ 1 కనెక్టరే, కాకపోతే తిప్పి పెట్టారు. లోపల వైరింగ్ పూర్తిగా వేరు. అప్పటి నుంచి ఇంటెల్ బోర్డు, ఏఎండీ బోర్డు రెండు వేరే లోకాలు.

తమాషా ఏంటంటే, స్లాట్‌కి చెప్పిన టెక్నికల్ కారణం ఎంతోకాలం నిలవలేదు. 1998లోనే ఇంటెల్ సెలెరాన్ 300ఎ వచ్చింది. దాంట్లో 128 కేబీ క్యాష్ చిప్ లోపలే ఉంది, పైగా ప్రాసెసర్‌తో సమానమైన స్పీడ్‌తో నడుస్తుంది. దాన్ని 66కి బదులు 100 మెగాహెర్ట్జ్ బస్ మీద పెడితే 300 కాస్తా 450 మెగాహెర్ట్జ్ అయ్యేది. తక్కువ డబ్బులో పీసీ కట్టుకునే గేమర్లకి అది పండగే. క్యాష్ లోపలికి వచ్చాక కార్ట్రిడ్జ్ అవసరం లేదు కదా! 1999లో ఇంటెల్ మళ్లీ సాకెట్‌కి వచ్చింది, సాకెట్ 370. స్లాట్ పోయింది కానీ విడిపోయిన రెండు లోకాలు మళ్లీ కలవలేదు.

మెమరీ చెప్పిన పాఠం

బీటెక్‌లో ఉన్నప్పుడు హాస్టల్లో ఒక ఫ్రెండ్ పీసీకి ర్యామ్ పెడతానని నేనే ముందుకెళ్లాను. స్టిక్ దిగట్లేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కాను. వాడు నా చెయ్యి పట్టుకుని ఆపకపోతే స్లాట్ విరిగేదే. చూస్తే నా చేతిలో ఉన్నది డీడీఆర్3, బోర్డు డీడీఆర్4. ఆ గాడి ప్రతి తరానికీ వేరే చోట ఉంటుంది. నాలాంటి వాళ్లు తప్పుది గుచ్చకుండా ఉండాలనే అలా పెట్టారు.

మెమరీ తప్పుగా ఎంచుకుంటే ఎంత పెద్ద కంపెనీ అయినా దెబ్బ తింటుంది. 1999 చివర్లో ఇంటెల్ ఆర్‌డీర్యామ్ అనే కొత్త మెమరీ మీద పందెం కట్టింది. రేటు చాలా ఎక్కువ. మామూలు ఎస్‌డీర్యామ్ కూడా నడిచేలా మధ్యలో ఒక చిప్ పెట్టి కొన్ని బోర్డులు అమ్మితే, ఆ చిప్‌లో లోపం బయటపడింది. 2000లో ఆ బోర్డులు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన పెంటియం 4 కూడా మొదట ఆర్‌డీర్యామ్‌తోనే నడిచేది. స్టిక్స్ జతగానే కొనాలి. ఖాళీ స్లాట్ ఉంటే అందులో మెమరీ లేని ఉత్త కార్డు గుచ్చాలి! మరుసటి ఏడాది ఇంటెల్ చౌకైన ఎస్‌డీర్యామ్‌కి, ఆ వెంటనే డీడీఆర్‌కి దారి తెరిచింది. ముందే కొన్నవాళ్ల బోర్డుల్లో మాత్రం ఆ చౌక స్టిక్స్ పట్టవు.

2003లో ఇంకో పెద్ద మార్పు. అంతకుముందు మెమరీ కంట్రోలర్ బోర్డు మీదుండే చిప్‌సెట్‌లో ఉండేది. ఆథ్లాన్ 64తో ఏఎండీ దాన్ని ప్రాసెసర్ లోపలికి తెచ్చింది. 2008లో ఇంటెల్ కూడా అదే పని చేసింది. మెమరీకి వెళ్లే దారి దగ్గరైంది, స్పీడ్ పెరిగింది. కానీ దాంతో ఒక ముడి పడింది. ఏ మెమరీ పెట్టాలన్నది ఇప్పుడు ప్రాసెసర్ చేతిలో ఉంది. ఆ మెమరీకి వెళ్లే తీగలు సాకెట్ గుండా పోతాయి. కాబట్టి కొత్త తరం మెమరీ వస్తే చాలాసార్లు సాకెట్ కూడా మారాల్సిందే. షాపు వాళ్లు మూడూ కలిపి రాయడానికి అసలు మూలం ఇక్కడుంది.

మూతి ఒకటే, తాళం వేరు

సాకెట్ పేరు ఒకటే అయినంత మాత్రాన సరిపోదు. 2004లో ఇంటెల్ ఎల్‌జీఏ 775 తెచ్చింది. పిన్నులు ప్రాసెసర్ మీద నుంచి బోర్డు మీదకి మారాయి. 2006లో కోర్ 2 డుయో అదే సాకెట్‌కి వచ్చింది, కానీ చాలా పాత 775 బోర్డుల్లో నడవలేదు. దానికి కావాల్సిన పద్ధతిలో పవర్ ఇచ్చే సర్క్యూట్ వాటిలో లేదు.

2017లో ఇదే మళ్లీ జరిగింది. ఇంటెల్ 8వ తరం వచ్చింది, ఐ5లో మొదటిసారి డెస్క్‌టాప్‌కి 6 కోర్లు. సాకెట్ అదే 1151, పిన్నుల సంఖ్య అదే. అయినా జడ్370 లాంటి కొత్త బోర్డు కావాలన్నారు. పవర్ కోసం పిన్నులు మార్చామన్నది ఇంటెల్ చెప్పిన కారణం. తర్వాత కొందరు ఔత్సాహికులు బయోస్ మార్చి, కొన్ని కాంటాక్టులకి టేప్ అంటించి పాత బోర్డుల మీదే వాటిని నడిపి చూపించారు.

అదే ఏడాది మార్చిలో ఏఎండీ రైజెన్ వచ్చింది. సాకెట్ ఏఎం4. 2020 దాకా ఇదే సాకెట్ ఉంటుందని మాటిచ్చారు. ఆ మాట 2020 మేలో పరీక్షకొచ్చింది. రాబోయే జెన్ 3 ప్రాసెసర్లు 500 సిరీస్ బోర్డుల మీదే నడుస్తాయని ఏఎండీ ప్రకటించింది. కారణం బయోస్ చిప్. చాలా బోర్డుల్లో అది 16 ఎంబీ, అన్ని తరాల ప్రాసెసర్ల కోడ్ అందులో పట్టదు. బి450, ఎక్స్470 కొన్నవాళ్లకి మండిపోయింది. నేనూ అందులో ఒకడినే, బోర్డు కొని ఏడాదే అయింది మరి. రెండు వారాలు కూడా గడవకముందే ఏఎండీ నిర్ణయం మార్చుకుంది. 400 సిరీస్‌కి దారిచ్చింది. కొన్ని బోర్డుల్లో చోటు కోసం పాత ప్రాసెసర్ల సపోర్ట్ తీసేయాల్సి వచ్చింది. 2022లో 300 సిరీస్‌కి కూడా దారి తెరుచుకుంది. అంటే 2017లో కొన్న బోర్డు మీద, దాని బయోస్ అప్‌డేట్ వచ్చి ఉంటే, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ నడుస్తుంది. 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉన్న గేమింగ్ చిప్ అది. సెలెరాన్ రోజుల్లోలాగే మళ్లీ క్యాషే హీరో.

మళ్లీ తమ్ముడి పీసీ దగ్గరికి

ఆదివారం వెళ్లి కూర్చున్నాను. ముందు గేమ్‌లో రిజల్యూషన్ తగ్గించి చూశాం. ఎఫ్‌పీఎస్ దాదాపు పెరగలేదు. అంటే గ్రాఫిక్స్ కార్డు ఖాళీగానే ఉంది, ఆగుతున్నది ప్రాసెసర్ దగ్గరే. పెరిగి ఉంటే ప్రాసెసర్ మార్చినా లాభం లేదు.

తర్వాత బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్ట్ చూశాం. రైజెన్ 5 5600 ఉంది, ఏ బయోస్ వెర్షన్ కావాలో కూడా ఉంది. అది 65 వాట్ల చిప్, పాత 2600 కూడా 65 వాట్లే. పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. కొత్తది పెట్టాక చేద్దాంలే అనుకుంటే స్క్రీనే రాకపోవచ్చు. అప్‌డేట్ మధ్యలో కరెంట్ పోతే బోర్డు పోయినట్టే, అందుకే యూపీఎస్ తగిలించాం.

బయోస్‌లోకి వెళ్లాక నా మొహం చిన్నబోయింది. మెమరీ 2133 దగ్గర నడుస్తోంది. కొన్నది 3200 స్టిక్స్! ఎక్స్ఎంపీ ఆన్ చేయాలి, 2019లో నేను చేయలేదు. ఇన్నేళ్లు అలాగే నడిచింది. రైజెన్ లోపలి లింక్ స్పీడ్ మెమరీ స్పీడ్‌తో ముడిపడి ఉంటుంది, కాబట్టి ఇది చిన్న తప్పు కాదు. "అన్నా, నువ్వు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌వి కదా" అన్నాడు తమ్ముడు. ఏం మాట్లాడతాం.

5600 తెచ్చి పెట్టాం. ఖర్చు ఆ కొటేషన్‌లో మూడో వంతు కూడా కాలేదు. పిన్ని చీటీ పాడలేదు.

షాపు వాళ్లు మోసం చేశారని నేననట్లేదు. మొత్తం కొత్తగా కట్టేవాళ్లకి ఆ లిస్ట్ సరైనదే. ఏఎం5లో డీడీఆర్5 తప్ప వేరేది పట్టదు, 2027 దాకా, ఆ తర్వాత కూడా ఆ సాకెట్‌ని నడిపిస్తామని ఏఎండీ చెప్పింది. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 అయితే కొన్ని బోర్డులు డీడీఆర్4, కొన్ని డీడీఆర్5. 12, 13, 14 తరాల దగ్గర దాని దారి ఆగింది, 2024లో ఎల్‌జీఏ 1851 వచ్చేసింది. 2025 చివర నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ రేట్లు ఎలా పెరిగాయో చూస్తూనే ఉన్నాం. చేతిలో మంచి డీడీఆర్4 ఉంటే దాన్ని తేలిగ్గా వదులుకోకండి.

కాబట్టి కొటేషన్ అడిగే ముందు మీ బోర్డు పేరు, దాని మీద రాసున్న వెర్షన్ నంబర్ రాసుకోండి. సపోర్ట్ లిస్ట్ చూడండి. అందులో మీకు సరిపోయే ప్రాసెసర్ ఉంటే అక్కడితో ఆగండి. లేకపోతేనే మూడు ఐటమ్స్ లెక్క. అప్పుడు కూడా ముందు సాకెట్ ఎన్నాళ్లుంటుందో అడగండి, తర్వాతే ప్రాసెసర్ మోడల్.

అన్నట్టు, ఈ రాత్రికి మీ బయోస్‌లో మెమరీ స్పీడ్ ఒకసారి చూసుకోండి. నాలాంటి అన్నయ్య మీకూ ఉండొచ్చు. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.