అమీర్‌పేటలో సర్వర్ నిర్వహణ విద్య
హైదరాబాదు సాఫ్ట్‌వేర్ చరిత్రను సాధారణంగా 1998 నాటి సైబర్ టవర్స్‌తో మొదలుపెడతారు. అమీర్‌పేట మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల శిక్షణ కేంద్రాలకు అందులో దక్కిన చోటు స్వల్పం. అదీ ప్రోగ్రామింగ్ బోధనకే. ‘అడ్మిన్’ అనే మరో వృత్తిని కూడా ఆ గదులే తీర్చిదిద్దాయి.

1998లోనే బీఈఏ సంస్థ వెబ్‌లాజిక్‌ను కొనుగోలు చేసింది. ఐబీఎం వెబ్‌స్ఫియర్‌ను విడుదల చేసింది. ప్రోగ్రాము రాయడం ఒక పని, దాన్ని రాత్రింబవళ్లు నడిపించడం మరొక పని అయింది. డొమైన్ నిర్మాణం, హీప్ మెమరీ పరిశీలన, సర్వర్ స్తంభించినప్పుడు థ్రెడ్ డంప్ తీసి ఏ థ్రెడ్ దేనికోసం ఆగిందో చదవడం వంటివి అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్లలోని పట్టభద్రులకు జిరాక్స్ నోట్సుగా అందాయి.

వెబ్‌లాజిక్‌లో అడ్మిన్ సర్వర్ ఆగినా, అప్పటికే నడుస్తున్న మేనేజ్డ్ సర్వర్లు సేవలందిస్తూనే ఉంటాయి. కన్సోల్ నుంచి పర్యవేక్షణ మాత్రం పోతుంది. దీన్ని తరగతిలో ఒకే కంప్యూటరుపై చూపవచ్చు. వేలమంది వాడుతున్న సర్వర్ హఠాత్తుగా కుంగిపోవడాన్ని చూపడం కష్టం. ఆ బోధనకున్న అసలు పరిమితి ఇదే. అమెరికా పగలు హైదరాబాదుకు రాత్రి గనుక, ఆ కొరత చాలామందికి నైట్ షిఫ్టుల్లోనే తీరింది.

2008లో బీఈఏ ఒరాకిల్ పరమైంది. తరువాత కోర్సుల బోర్డులపైకి క్లౌడ్, డెవాప్స్ ఎక్కాయి. జావా నడిచేచోట థ్రెడ్ డంప్ పాఠం నేటికీ పాతబడలేదు.