మన రాతలు ఎవరింట్లో ఉన్నాయి?

స్త్రీల సాహిత్య చరిత్ర మాట్లాడుకున్నప్పుడల్లా ఎవరు రాశారు, ఏం రాశారు, ఎంత ధైర్యంగా రాశారు అని అడుగుతాం. అచ్చువేసిన యంత్రం ఎవరిదని, మిగిలిన ప్రతులు ఎవరి బీరువాలో పడున్నాయని మాత్రం అంతగా అడగం. 1902లో మొదలైన 'హిందూ సుందరి'కి మొసలికంటి రామాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మ సంపాదకులు. భండారు అచ్చమాంబ కథ 'ధనత్రయోదశి' ఆ ఏడాదే అందులో వచ్చింది. పత్రికను స్థాపించింది మాత్రం సత్తిరాజు సీతారామయ్య. ఇందులో ఆయన్ని తప్పుపట్టేదేం లేదు, ఆ రోజులకు అది పెద్ద పనే. కానీ రాసేది మనం, ఇల్లు ఇంకొకరిది అనే ఏర్పాటు అక్కడితో ఆగిందా?

యూనికోడ్ తెలుగు చేతికొచ్చాక, నేను డిగ్రీ చదివే రోజుల్లో, ఎంతోమంది స్త్రీలు బ్లాగులు రాయడం మొదలుపెట్టారు. సంపాదకుడి గడప తొక్కక్కర్లేదు, కాగితం ఖర్చు లేదు. ఆ సంబరం నాకింకా గుర్తుంది. అయితే అద్దె అడగని యజమాని ఏ రోజైనా తాళం వేసుకోగలడు. జియోసిటీస్ 2009 అక్టోబరులో మూతపడింది. ఆర్కుట్ 2014 సెప్టెంబరులో, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో. 'రచ్చబండ' వంటి తెలుగు సాహిత్య చర్చలకు చోటిచ్చిన యాహూ గ్రూప్స్, తన దగ్గరున్న పాత సంభాషణలను 2019 డిసెంబరులో చెరిపేసింది. నా సిద్ధాంత గ్రంథం కోసం ఆ కాలపు వ్యాసాలు వెతుకుతూ పోతే చాలా లింకులు ఎక్కడికీ చేర్చలేదు. పాత గ్రంథాలయంలో చెదలు తిన్న పత్రిక దొరికితే మిగిలిన సగం పుటైనా చదువుకోవచ్చు. ఇక్కడ ఆ సగమూ ఉండదు. అందుకే పుట్ల హేమలత 2011లో 'విహంగ' మహిళా వెబ్ పత్రికను సొంత చిరునామాతో మొదలుపెట్టడాన్ని నేను సాహిత్య సంఘటనగానే కాదు, ఆస్తిహక్కుకు సంబంధించిన సంఘటనగా కూడా చూస్తాను.

మూతపడటం ఒక్కటే ప్రమాదం కాదు. మంచిర్యాల మిత్రురాలు ఒకామె ఒక సామాజిక మాధ్యమంలో పదేళ్ళపాటు రాసింది. కులం గురించి రాసిన ఒక వ్యాసం మీద గుంపుగా ఫిర్యాదులు చేశారు. మర్నాటికి ఖాతా లేదు. ఎందుకని అడిగితే యంత్రం జవాబిచ్చింది, రెండుసార్లూ అదే జవాబు. మా జమ్మికుంట పత్తి మార్కెట్టుకు పేరున్న ఊరు కాబట్టి నాకు ఆ పోలికే తట్టింది. పంట మనది, కాంటా వాళ్ళది.

ఆ తర్వాతే మేం తొమ్మిదిమందిమి కలిసి సొంతంగా ఒక చిన్న సర్వర్ పెట్టుకున్నాం. మాస్టోడాన్ అనే సాఫ్ట్‌వేర్ వాడాం. దాన్ని జర్మనీకి చెందిన యూగెన్ రోచ్కో 2016లో విడుదల చేశాడు. ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని తమ సర్వర్ మీద నడుపుకోవచ్చు. ఒక సర్వర్లో ఉన్నవాళ్ళు ఇంకో సర్వర్లో ఉన్నవాళ్ళను చదవచ్చు, జవాబివ్వచ్చు. అందుకు కావలసిన ఉమ్మడి భాష యాక్టివిటీపబ్. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దాన్ని 2018 జనవరిలో ప్రమాణంగా ఆమోదించింది. మన పాఠకులకు ఇంకా తేలిగ్గా చెప్పాలంటే ఇది సమాఖ్య. మండల మహిళా సమాఖ్యలో ప్రతి సంఘానికీ తన పుస్తకం, తన పెట్టె, తన తాళంచెవి ఉన్నట్టే. తేడా ఏమిటంటే, అక్కడ గ్రామం మీద మండలం, మండలం మీద జిల్లా ఉంటాయి. ఇక్కడ పైన ఎవరూ లేరు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1979-80ల్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో పుట్టిన యూజ్‌నెట్‌కు కూడా ఒక యజమాని లేడు. ప్రతి విశ్వవిద్యాలయం తన యంత్రంలో ఒక ప్రతి ఉంచుకుని పక్కవారికి అందించేది. అక్కడి తెలుగువాళ్ళు 1990ల్లో రోమన్ లిపిలో తెలుగు రాసుకుంటూ పోట్లాడుకున్నదీ, పద్యాలు పంచుకున్నదీ అందులోనే. మనదేశంలో మాస్టోడాన్ పేరు ఎక్కువమందికి తెలిసింది 2019 నవంబరులో. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేసింది. అదే సమయంలో నీలిరంగు టిక్కు ఎవరికి ఇస్తున్నారు, దళిత బహుజనులకు ఎందుకివ్వరు అన్న ప్రశ్న గట్టిగా వచ్చింది. చాలామంది నిరసనగా అటు వెళ్ళారు. కొన్నాళ్ళకు చాలామంది తిరిగొచ్చేశారు కూడా. చుట్టాలంతా పాత వాడలోనే ఉంటే కొత్తింట్లో ఒక్కరం ఎన్నాళ్ళుంటాం?

ఇక కంటైనర్ల సంగతి. సాహిత్యం చదువుకున్న నాలాంటిది సర్వర్ నడపగలగడానికి కారణం అవే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మాస్టోడాన్ ఒక్క ప్రోగ్రాం కాదు. రాతలన్నీ దాచేది పోస్ట్‌గ్రెస్. వెంటవెంటనే కావలసినవి గుర్తుపెట్టుకునేది రెడిస్. పేజీలు చూపించేది ఒకటి, కొత్త రాతల్ని అప్పటికప్పుడు అందించేది ఇంకొకటి, బయటి సర్వర్లకు మన రాతల్ని మోసుకుపోయేది సైడ్‌కిక్. వీటన్నిటినీ ఒకే యంత్రంలో విడివిడిగా ఎక్కిస్తే ఒకదానికి కావలసిన వెర్షన్ ఇంకోదానికి పడదు. 2013లో వచ్చిన డాకర్ ఈ తలనొప్పి తగ్గించింది. సద్ది కట్టుకుపోయే గిన్నెల క్యారియర్ లాంటిదన్నమాట. పప్పు గిన్నె పప్పుదే, పెరుగు గిన్నె పెరుగుదే, అన్నీ ఒక్క కడ్డీకి బిగించి ఉంటాయి. ఏ గిన్నె ఎక్కడ, ఏది దేనితో మాట్లాడాలి అన్నది ఒక చిన్న ఫైలులో రాసిపెట్టుకుంటాం. ఒక్క ఆజ్ఞతో అన్నీ లేస్తాయి. కొత్త వెర్షన్ వస్తే పాత గిన్నె తీసి కొత్తది పెట్టడమే. కాకపోతే గిన్నె పోయినా కూర పోకూడదు. అందుకని రాతల్ని కంటైనర్ లోపల కాకుండా బయట, వాల్యూమ్ అనే చోట ఉంచాలి. రోజూ దానికి ఇంకో నకలు తీసి వేరే ఊళ్ళో దాచాలి.

'సొంత' అన్న మాటను కూడా కొంచెం తగ్గించి చెప్పుకోవాలి. ఇంట్లో పాత కంప్యూటర్ మీదే నడుపుదామనుకున్నాం. మాలాంటి ఊళ్ళలో చాలా ఇంటి కనెక్షన్లకు బయటివాళ్ళు నేరుగా చేరుకునే చిరునామా ఉండదు, ఎన్నో ఇళ్ళకు కలిపి ఒక్కటే ఇస్తారు. దానికితోడు కరెంటు. చివరికి నెలకు ఏడొందలకు ఎక్కడో ఒక డేటా సెంటర్లో చోటు అద్దెకు తీసుకున్నాం. అయినా తేడా ఉంది. ఈ యజమాని వెళ్ళగొడితే మా చిరునామాతో, మా గిన్నెలతో, మా నకలుతో ఇంకో ఇంటికి పోగలం.

చిరునామా దగ్గరే నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. మాస్టోడాన్‌లో మనిషి పేరు పక్కన సర్వర్ పేరు తప్పకుండా ఉంటుంది, ఇంటిపేరులా. ఒక సర్వర్ వదిలి ఇంకోదానికి వెళ్తే ఆ ఇంటిపేరు మారుతుంది. మనల్ని అనుసరించేవాళ్ళను వెంట తీసుకుపోవచ్చు. కానీ అప్పటిదాకా రాసినవి కొత్త ఖాతాలోకి రావు, పాతింట్లోనే ఉండిపోతాయి. పెళ్ళయి ఇంటిపేరు మారి, నోటుపుస్తకాలు పుట్టింటి అటక మీద వదిలేసి వచ్చిన ఆడవాళ్ళను ఎంతమందిని చూశాం! దీన్ని తయారుచేసినవాళ్ళకు ఆ ఆలోచన ఉండి ఉండదు. సాంకేతికంగా కారణాలున్నాయి కూడా. అయినా ఈ సౌకర్యలోపం మనకు మాత్రం బాగా పాత పరిచయం.

రెండో నెలలో మాలో అందరికంటే చిన్నమ్మాయి అడిగింది, "అక్కా, మేం ఒకరికొకరం రాసుకునేవి నీకు కనబడ్తయా?" అని. కనబడతాయి. మాస్టోడాన్‌లో ఆంతరంగిక సందేశాలకు తాళం లేదు. సర్వర్ నడిపే మనిషి తలుచుకుంటే డేటాబేస్ తెరిచి చదవగలదు. ఎవరినైనా తీసేయగలదు, ఏ సర్వర్‌తోనైనా సంబంధం తెంచగలదు. గడీల చరిత్ర ఉన్న ప్రాంతం మాది. మంచి దొరసాని కూడా దొరసానే. ఆ రోజు నుంచి ఆంతరంగిక విషయాలు అక్కడ రాయొద్దని మొదటి పేజీలోనే పెట్టాం. పాస్‌వర్డు ఇద్దరి దగ్గర ఉండాలని, ఎవరినైనా తీసేయాలంటే ముందు అందరం మాట్లాడుకోవాలని అనుకున్నాం.

ఈ విషయంలో నాకు దారి చూపింది కంప్యూటర్ల చరిత్ర కాదు, మాచనూరు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. స్వచ్ఛంద సంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చన్న విధానం 2006లో వచ్చింది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల రేడియో 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గరి మాచనూరులో ప్రసారం మొదలుపెట్టింది. అనుమతి రాకముందు కూడా వాళ్ళు ఊరికే లేరు. పాటలు, విత్తనాల ముచ్చట్లు, పండుగల కబుర్లు టేపుల్లో రికార్డుచేసి సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. స్టేషన్ నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే దళిత యువతులు. మైకు ముందు మాట్లాడిందీ, రికార్డింగు, కోతలు, అతుకులు చూసుకున్నదీ వాళ్ళే. మాట్లాడటానికి ఆడవాళ్ళు, మీటలు నొక్కడానికి మగవాళ్ళు అనే విభజన అక్కడ చెల్లలేదు.

నిజానికి సర్వర్ పనిలో ఎక్కువ భాగం ఇంటిపనిలా ఉంటుంది. బయటి సర్వర్ల నుంచి వచ్చే ఫోటోల నకళ్ళు మన డిస్కులో పేరుకుపోతాయి, వారానికోసారి ఊడ్చాలి. భద్రతా సవరణలు వస్తే వెంటనే ఎక్కించాలి. దాచిన నకలు నిజంగా పనికొస్తుందో లేదో, ఇంకో యంత్రంలో తెరిచి చూడాలి. చేస్తే ఎవరికీ కనబడదు, చెయ్యకపోతే అందరికీ కనబడుతుంది. మంథని నుంచి ఒకరు, హుజూరాబాద్ నుంచి ఒకరు ఇప్పుడు ఈ పని నేర్చుకుంటున్నారు. ముగ్గురం నెలకొకరం చొప్పున వంతు వేసుకున్నాం.

తెగనిది ఒక్కటుంది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి వేదిక నడిపేవాళ్ళు ఫిర్యాదులు చూసే అధికారి పేరు, సంప్రదించే వివరాలు అందరికీ కనబడేలా పెట్టాలి. పెద్ద కంపెనీకి అది ఒక ఉద్యోగి పేరు. మాకు అది ఊళ్ళో అందరికీ ఇల్లు తెలిసిన ఒక ఆడమనిషి పేరు. కులం మీద, ఇంట్లో హింస మీద రాసే తొమ్మిదిమంది తరఫున ఆ పేరు ఎవరిది పెట్టాలన్న దాని మీద మూడు ఆదివారాలుగా మాట్లాడుకుంటున్నాం. నాది పెట్టమన్నాను. మా అమ్మ వద్దంటోంది. మంచిర్యాల మిత్రురాలు తనది పెట్టమంటోంది.