కౌమార వయస్కుల విజ్ఞాన గ్రంథములు: గుణనిర్ణయ విచారము

తెలుగున బాలసాహిత్య విమర్శకు ఒక సంప్రదాయ మేర్పడినది. పెద్దల కొఱకు వెలువడిన శాస్త్రగ్రంథములను గూర్చియు విచారము జరుగుచున్నది. ఈ రెంటి నడుమ నొక పాఠకుడున్నాడు. పదుమూడేండ్లు దాటి యిరువది నిండని యీ పాఠకునికి కథలు మాత్రమే చాలవు; ప్రౌఢశాస్త్రగ్రంథము లింకను అందవు. ప్రతిదినము ఉదయము మద్దిలపాలెము బస్సు ప్రాంగణమున దిగి చుట్టుపట్ల విద్యాలయములకు నడచు బాలబాలికలలో పెక్కుమంది ఇట్టివారే. వీరి కొఱకు ఆరోగ్యము, చట్టము, ధనము, ప్రమాదము, పరస్పర వర్తనము మొదలగు విషయములపై వ్రాయబడు గ్రంథములను ఏ కొలబద్దతో కొలువవలెను? ఈ ప్రశ్నకు సమాధానము మన గ్రంథచరిత్రమునందే కలదని మా అభిప్రాయము. దానిని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

జీవన నైపుణ్యములను మాట నూతనమైనది. 1990ల దశకమున ప్రపంచ ఆరోగ్య సంస్థ పాఠశాలల కొఱకు పది నైపుణ్యములను పేర్కొనెను. నిర్ణయము చేయుట, సమస్యను పరిష్కరించుట, సృజనాత్మకముగ ఆలోచించుట, విమర్శనాత్మకముగ ఆలోచించుట, భావమును చక్కగా తెలుపుట, ఇతరులతో మెలగుట, తన్ను తా నెఱుగుట, పరుల బాధను గ్రహించుట, ఉద్వేగమును అదుపున నుంచుకొనుట, ఒత్తిడిని తట్టుకొనుట అనునవి యవి. మాట క్రొత్తదైనను ప్రయత్నము ప్రాతదే. మన శతకములు ఈ పనిని చిరకాలముగ చేయుచున్నవి. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడి తరతరముల విద్యార్థుల చేతులలో నిలిచినది. అయితే నీతిగ్రంథమునకును మేము విచారించు గ్రంథమునకును భేదము కలదు. నీతిగ్రంథము చేయవలసినది చెప్పును. విజ్ఞానగ్రంథము అది ఏల చేయవలెనో చెప్పి, ఆ కారణము నిలుచునో నిలువదో పరీక్షించు మార్గమును గూడ చూపవలెను.

ఈ భేదము తెలుగున మొదట స్పష్టముగ కనబడునది సామినేని ముద్దునరసింహము నాయుని హితసూచనియందు. ఆయన రాజమహేంద్రవర ప్రాంతమున మునసబుగ పనిచేసినవాడు. గ్రంథము ఆయన మరణానంతరము 1862లో ముద్రితమైనది. తన వ్యాసములకు ఆయన ప్రమేయములని పేరు పెట్టెను. విద్య, వైద్యము, వివాహము, మంత్రములపై జనులకు గల నమ్మకము అందలి విషయములు. అన్నియు ఆనాటి ఇండ్లలో నిత్యము తగవులాడుకొను సంగతులే. పూర్వు లిట్లు చెప్పిరి గనుక ఇట్లు చేయుడని ఆయన వ్రాయలేదు. లోకానుభవమును ముందుంచి, హేతువును చూపి, పాఠకుని తనతో వాదమునకు పిలిచెను. అందలి అభిప్రాయము లన్నియు నేటికి గ్రాహ్యములు కాకపోవచ్చును. ఐనను గ్రంథము నిలిచినది. ఏలన, దానిని కాదనదలచినవానికి గూడ అది సాధనము నిచ్చుచున్నది. కావున మా మొదటి కొలత హేతువు.

రెండవ కొలత స్థలము. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము 1907లో వెలువడెను. 1908లో మండలి చెన్నపట్టణమునకు తరలినది. చరిత్రలతోపాటు జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, పదార్థవిజ్ఞానము మొదలగు విషయములు ఆ గ్రంథమాలయందు వచ్చినవి. కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్రమును రచించెను. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమోపాధ్యక్షుడైనది ఆయనయే. వీనియందు మా ప్రస్తుత విచారమునకు మిక్కిలి చేరువైనవి వైద్యుడైన ఆచంట లక్ష్మీపతి కలరాను గూర్చియు చలిజ్వరమును గూర్చియు వ్రాసిన పుస్తకములు. మలేరియాకు దోమ వాహక మను సత్యమును రొనాల్డ్ రాస్ 1897లో సికిందరాబాదున కనుగొనెను. రెండు దశాబ్దములైన గడవక ముందే చలిజ్వరము తెలుగు గ్రంథమునకు వస్తువైనది. పాఠకుని ఊరిని, ఆ ఊరి నీటిని, ఆ నీటివలన వచ్చు రోగమును విషయముగ గైకొన్నది గనుకనే అట్టి పుస్తకము సమకాలీనమైనది. పరదేశపు విషయమును వ్రాయరాదని కాదు, లింకను చరిత్రము పరదేశపుదే. పరదేశపు విషయమైనను ఇచ్చటి పాఠకుని ప్రశ్నకు సమాధానము కావలెనని మా తాత్పర్యము.

మూడవ కొలత భాష. ఈ విషయమున విశాఖపట్టణమునకు ప్రత్యేక స్థానము కలదు. ఇరువదవ శతాబ్ద్యారంభమున గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పాఠశాలల పరీక్షాధికారి యేట్సు, విశాఖపట్టణపు ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానోపాధ్యాయుడు పి.టి. శ్రీనివాసయ్యంగారు కలిసి వ్యావహారిక భాషావాదమును ముందునకు నడిపిరి. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయమునకు తన అసమ్మతి పత్రమును సమర్పించెను. ఆ వివాదము సాహిత్యశైలిని గూర్చినదని పలువు రనుకొందురు. దాని మూలము విద్యార్థియొక్క అవసరము. తాను మాటాడు భాషలో వ్రాయుటకు అనుమతి లేని బాలుడు తనకు తెలిసిన సంగతిని గూడ చెప్పలేడు. ఈ వ్యాసమును మేము గ్రాంథికమున వ్రాయుచున్నను, కౌమార వయస్కుని గ్రంథమునకు గ్రాంథికము తగదని నిస్సంశయముగ చెప్పుచున్నాము. అట్లని ఆంగ్లపదములను లిపి మార్చి పేర్చుటయు వ్యావహారికము కాదు. బాలిక తన తల్లితో మాటాడుకొనగల వాక్యములో రజస్వలావస్థను గూర్చియు రక్తహీనతను గూర్చియు చెప్పగలిగిన గ్రంథమే భాషాపరీక్షయందు నెగ్గును. వైద్యుడు లేని చోట, సవాలక్ష సందేహాలు అను గ్రంథములను ఇందుకు ఉదాహరింపవచ్చును. మొదటిదాని మూలము మెక్సికో పల్లెల కొఱకు స్పానిషు భాషలో పుట్టినది. రెండవది స్త్రీల ఆరోగ్యమును గూర్చినది. సందేహించుట తప్పు కాదని పేరునందే తెలుపుచున్నది.

నాలుగవ కొలత కాలము. దీనిని మన సమీక్షకులు తఱచుగ విస్మరింతురు. కావ్యము ప్రాతబడుటచే చెడదు. చట్టమును, వైద్యమును చెప్పు పుస్తకము చెడును. వివాహ వయస్సునే చూడుడు. 1929 నాటి శారదా చట్టము కన్యకు 14, వరునికి 18 ఏండ్లు కనీస వయస్సుగ నిర్ణయించెను. 1949లో కన్యకు 15 ఏండ్లైనవి. 1978లో కన్యకు 18, వరునికి 21 ఏండ్లుగ మార్చిరి. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ఆ వయస్సులనే గైకొని నిషేధమును దృఢతరము చేసెను. గ్రంథాలయపు బీరువాలో 1960 నాటి పుస్తకము తెఱచిన పదునాఱేండ్ల బాలిక తన వివాహము న్యాయసమ్మతమే యని తలంచిన, ఆ తప్పు ఎవరిది? రచయిత అసత్యము వ్రాయలేదు. ముద్రణ వత్సరమును చూడుమని ఆమెకు చెప్పినవారు లేరు. అందుచే ఇట్టి గ్రంథము తాను ఏ సంవత్సరమున ఏ చట్టమును బట్టి చెప్పుచున్నదో ఆ పుటయందే తెలుపవలెను.

ఇరువదవ శతాబ్ది చివర వ్యక్తిత్వ వికాస గ్రంథములు తెలుగున విస్తారముగ వ్యాపించినవి. యండమూరి వీరేంద్రనాథ్ విజయానికి అయిదు మెట్లు వంటివి విశేషాదరణము పొందినవి. ఈ శాఖ చేసిన ఉపకార మొకటి కలదు: పాఠ్యపుస్తకము తప్ప వేఱొకటి ముట్టని యువకుల చేత అది పుస్తకము పట్టించినది. కాని ఈ శాఖలో లెక్కకు మిక్కిలిగ వచ్చిన అనుకరణలలో ఒక దోషము కలదు. జయమునకు సంకల్పమే చాలునని చెప్పుట, అపజయమునకు పాఠకునే దోషిగ నిలుపుట అను రెండును వానియందు కలిసి వచ్చును. పేదఱికము, ఊరి గాలి, పాఠశాల దూరము వంటి బాహ్యకారణముల కందు తావుండదు. హేతువు, స్థలము అను మా మొదటి రెండు కొలతలయందును అవి నిలువవు.

విశాఖ బాలునికి ఇది సామాన్య దోషము కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరముపై తీరము దాటెను. తుపాను కన్ను పైనుండి పోవునపుడు గాలి యాగును. తరువాత వ్యతిరేక దిశనుండి మరల విజృంభించును. ఇది తెలియనివాడు శాంతించిన దనుకొని వీధికి వచ్చును. ధైర్యము నూరిపోసిన గ్రంథము వానిని బయటికి పంపును. కారణము చెప్పిన గ్రంథము లోపల నిలుపును. 2020 మే 7 తెల్లవాఱకముందే ఆర్.ఆర్. వెంకటాపురమున నిలువయుంచిన స్టైరీను ఆవిరియై ఊరిపై క్రమ్మెను. నిద్రలోనున్నవారు లేచి పరుగెత్తిరి, పలువురు దారిలో కూలిరి, ప్రాణనష్టము కలిగెను. స్టైరీను ఆవిరి గాలికంటె బరువైనది, అది పల్లమున నిలుచును. కావున గాలివాలునకు అడ్డముగ, మెట్టవైపు తొలగవలెను. ఈ రెండు వాక్యములు పదవ తరగతి శాస్త్రమునకు మించినవి కావు. ఆ కర్మాగారములో ఏమి నిలువయున్నదని అడుగుటకు 2005 నాటి సమాచారహక్కు చట్టము ఒక త్రోవ చూపుచున్నదని మూడవ వాక్యమున చెప్పవచ్చును. ఓడరేవు, ఉక్కు కర్మాగారము, రసాయన పరిశ్రమలు గల నగరమున జీవన నైపుణ్య మనగా ఇట్టివియు చేరును.

హేతువు, స్థలము, భాష, కాలము అను నాలుగు కొలతలలో ప్రధానమైనది హేతువే. స్థలము తప్పినను పాఠకుడు తన ఊరికి అన్వయించుకొనగలడు. భాష కఠినమైనను ఉపాధ్యాయుడు విప్పి చెప్పగలడు. చట్టము మాఱినను క్రొత్తదానిని వెదకికొనగలడు. హేతువు చెప్పక ఆజ్ఞ మాత్రమే చెప్పిన గ్రంథమును మాత్రము సవరించుకొనుటకు వానికి ఆధార ముండదు. కనుక బహుమాన సంఘములును, గ్రంథాలయాధికారులును, సమీక్షకులును ఇట్టి గ్రంథమును చేపట్టినపుడు అందలి ఉపదేశము మంచిదా యని అడిగి ఊరకుండరాదు. ఆ ఉపదేశము తప్పైనచో దానిని కనిపెట్టగల శక్తిని గ్రంథమే పాఠకునికి ఇచ్చినదా యని అడుగవలెను. 1862లో ఒక మునసబు తన పాఠకునికి ఇచ్చిన గౌరవమును నేటి బాలబాలికలకు నిరాకరించుటకు మాకు కారణ మేదియు కనబడుట లేదు.