డ్రోన్ పైలట్ వృత్తి: లాల్‌దర్వాజా నుంచి

డ్రోన్ పైలట్ అంటే మనిషి ఎక్కని చిన్న విమానాన్ని నేల మీద నిలబడి నడిపి, దానితో పని చేసిపెట్టి బతికేవాడు. పెళ్లి వీడియో, పొలానికి మందు, ఊరి కొలత, పోలీసు బందోబస్తు, ఆస్పత్రికి టీకాలు... పని ఏదైనా చేతిలో ఉండేది ఒక రిమోటే. హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజాలో ఈ వృత్తి ఆషాఢ మాసంలో అందరి కంటా పడుతుంది. గోల్కొండ, లష్కర్ (సికింద్రాబాద్) బోనాలు అయ్యాక సింహవాహిని మహంకాళి అమ్మవారి బోనాలు వస్తాయి. ఆదివారం బోనం, సోమవారం రంగం అనే భవిష్యవాణి, ఘటాల ఊరేగింపు. ఇరుకు సందుల్లో పోతరాజులు, ఫలహారం బండ్లు, తొట్టెలు, వెనక వేలాది జనం. పైన నాలుగు రెక్కల యంత్రం ఒకటి ఈగలా ముసురుతూ ఉంటుంది.

ఈగ అన్నది ఊరికే వచ్చిన పోలిక కాదు. 1930లలో బ్రిటన్‌లో ఫిరంగి గురి నేర్చుకోవడానికి రేడియోతో నడిచే విమానాన్ని ఎగరేసేవారు. దాని పేరు ‘క్వీన్ బీ’, అంటే రాణి ఈగ. అది చూసి అమెరికా నౌకాదళం తన యంత్రాలకు పోతుటీగ పేరు పెట్టిందని చెబుతారు. డ్రోన్ అంటే అదే. మన ఊళ్లలో చాలామందికి అది ‘డ్రోన్ కెమెరా’గానే పరిచయం. 2013లో చైనా కంపెనీ డీజేఐ ఫాంటమ్ అనే తెల్లటి డ్రోన్‌ను అమ్మకానికి పెట్టింది. అప్పటిదాకా సినిమా వాళ్లకే అందిన పైనుంచి తీసే షాటు, ఆ తర్వాత కొన్నేళ్లకే పెళ్లి ఫొటోగ్రాఫర్ సంచీలోకి దిగింది.

పతంగి, డ్రోన్, ఒకే చట్టం

నేల మీద నిలబడి గాలిలో ఉన్నదాన్ని నడపడం పాతబస్తీకి కొత్త విద్య కాదు. సంక్రాంతి వచ్చిందంటే మిద్దెలన్నీ పతంగులే. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం విమానం అంటే ఏమిటో నిర్వచిస్తూ బెలూన్లు, గ్లైడర్లతో పాటు గాలిపటాన్నీ అందులో చేర్చింది. మన డ్రోన్ నిబంధనలు పుట్టింది ఆ చట్టం కిందే. 2025 జనవరి 1 నుంచి దాని స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 అమల్లోకి వచ్చింది.

పతంగికీ డ్రోన్‌కూ చుట్టరికం కాగితం మీద ఉన్నా, గాలిలో మాత్రం వైరమే. జనవరిలో పాతబస్తీ మీద డ్రోన్ లేపే పైలట్ అన్నిటికంటే ఎక్కువ భయపడేది మాంజాకే. కెమెరా తెరలో దారం కనబడదు. ప్రొపెల్లర్‌కు చుట్టుకుందంటే మోటారు బిగుసుకుపోతుంది. మామూలు నాలుగు రెక్కల డ్రోన్‌కు ఒక్క మోటారు ఆగితే చాలు, రాయిలా కిందికి వస్తుంది. మిద్దెల మీద పెంచే పావురాల గుంపులు, పైన తిరిగే గద్దలు, స్తంభానికీ స్తంభానికీ మధ్య అల్లుకున్న కేబుల్ తీగలు, సిగ్నల్‌నూ దిక్సూచినీ చెదరగొట్టే సెల్ టవర్లు, ఇనుప రేకులు... ఇవన్నీ ఒక్క సందులోనే ఎదురవుతాయి. అందుకే ఖాళీ మైదానంలో నేర్చిన చేతికి పాతబస్తీలో పని చేయడం ఇంకో చదువు.

నిషేధం నుంచి నమ్మకం దాకా

2014 మేలో ముంబైలో ఒక పిజ్జా దుకాణం డ్రోన్‌తో పిజ్జా పంపి వార్తల్లోకెక్కింది. అదే ఏడాది అక్టోబరు 7న పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, డీజీసీఏ, ఒక ప్రకటన ఇచ్చింది: నిబంధనలు వచ్చేదాకా అనుమతులు లేకుండా ఎవరూ డ్రోన్ ఎగరేయరాదు. ఆ నిబంధనలు రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఈలోగా డ్రోన్లు ఆగలేదు. పెళ్లిళ్లలో, సినిమాల్లో, జాతరల్లో ఎగురుతూనే ఉన్నాయి, కాకపోతే భయంభయంగా. ఈ వృత్తికి మొదట్లో అంటిన చెడ్డపేరు ఆ నాలుగేళ్లదే. పని నేర్చుకోవాలనుకున్న కుర్రవాడికి దారి చూపే కాగితం ఒక్కటీ లేదు.

2018 ఆగస్టు 27న వచ్చిన నిబంధనలు డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. బరువును బట్టి ఐదు తరగతులు పెట్టారు: 250 గ్రాముల దాకా నానో, 2 కిలోల దాకా మైక్రో, 25 కిలోల దాకా స్మాల్, 150 కిలోల దాకా మీడియం, ఆపైన లార్జ్. ఈ తరగతులు ఇప్పటికీ అవే. అనుమతి లేనిదే యంత్రం లేవకూడదన్నది అప్పటి సూత్రం. ఎగిరే ప్రతిసారీ డిజిటల్ స్కై అనే వేదిక ద్వారా అడగాలి, ఒప్పుకుంటేనే మోటార్లు తిరగాలి. పగలే ఎగరాలి, కంటికి కనబడేంత దూరమే పోవాలి.

2021 మార్చిలో ఇంకా బరువైన నిబంధనలు వచ్చాయి. పరిశ్రమ గొడవ పెట్టడంతో అయిదు నెలలకే వాటిని పక్కన పెట్టి, ఆగస్టు 25న డ్రోన్ రూల్స్, 2021 ప్రకటించారు. 25 ఫారాలు 5 అయ్యాయి. 72 రకాల రుసుములు 4 అయ్యాయి. వీటికి మించిన మార్పు చూపులో వచ్చింది. అంతదాకా చట్టం యంత్రాన్ని అనుమానించింది. ఇప్పుడు మనిషికి శిక్షణ ఇచ్చి, బాధ్యత అతని మీద పెట్టింది. ఈ వృత్తి చరిత్రలో అసలు మలుపు ఇదేనని నా నమ్మకం.

ఆ నిబంధనల ప్రకారం ప్రతి డ్రోన్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఉండాలి. పైలట్‌కు 18 నుంచి 65 ఏళ్ల లోపు వయసు, పదో తరగతి పాసు, డీజీసీఏ గుర్తించిన సంస్థలో శిక్షణ కావాలి. 2022 ఫిబ్రవరి 11 సవరణతో లైసెన్సు మాట పోయి ‘రిమోట్ పైలట్ సర్టిఫికెట్’ వచ్చింది. శిక్షణ ఇచ్చిన సంస్థే దాన్ని ఇస్తుంది, పదేళ్లు చెల్లుతుంది. 2023 సెప్టెంబరు సవరణ పాస్‌పోర్టు తప్పనిసరి అన్న షరతు తీసేసి, ప్రభుత్వ గుర్తింపు కార్డు, చిరునామా రుజువు చాలంది. పాస్‌పోర్టు ముఖమే చూడని పల్లె పిల్లలకు ఆ ఒక్క వాక్యం తలుపు తెరిచింది. నానో డ్రోన్‌కు, సరదాగా ఎగరేసే మైక్రోకు సర్టిఫికెట్ అక్కర్లేదు. అదే మైక్రోతో డబ్బు తీసుకుని పెళ్లి తీస్తే కావాలి. నిబంధన తప్పితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది. 2022 ఫిబ్రవరి 9న విదేశీ డ్రోన్ల దిగుమతిని ఆపేశారు. విడి భాగాలకు మాత్రం అడ్డు లేదు. దాంతో ఇక్కడే బిగించి అమ్మే చిన్న కంపెనీలు పెరిగాయి.

2021 సెప్టెంబరు 24న దేశం మొత్తానికీ రంగుల పటం వచ్చింది. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా అడగనక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగుల దాకానే. పసుపు రంగులో విమాన నియంత్రణాధికారి అనుమతి, ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి. లాల్‌దర్వాజా నుంచి చూస్తే ఉత్తరాన బేగంపేట, దక్షిణాన శంషాబాద్ విమానాశ్రయాలు. తూర్పున నాలుగైదు కిలోమీటర్లకే కంచన్‌బాగ్‌లో క్షిపణులు రూపొందించే డీఆర్‌డీఎల్, దాని పక్కన డీఎంఆర్‌ఎల్, మిధాని. కొంచెం దూరంలోనే కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చార్మినార్. అలాంటి చోట నిన్న ఎగరేశాం కదా అని ఇవాళ ఎగరేయడం కుదరదు. పటం మారవచ్చు. ఎస్పీ, ఆపై హోదా అధికారి ఉత్తర్వుతో 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ కూడా పెట్టవచ్చు. బోనాలు, మొహర్రం, గణేశ్ నిమజ్జనం జరిగే పాతబస్తీలో పైలట్ రోజూ పొద్దున పటం చూసుకోవాల్సిందే.

ఘటాల సోమవారం

పండగ రోజు పని ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. పైలట్ ఊరేగింపు దారిలో ఒక మిద్దె ఎంచుకుంటాడు. ముందు ఇంటివాళ్లతో, పక్కవాళ్లతో మాట్లాడతాడు. ఇది మర్యాద మాత్రమే కాదు. పాతబస్తీలో మిద్దె అంటే ఆడవాళ్ల వాకిలి. బట్టలు ఆరేసుకునేదీ, తల ఆరబెట్టుకునేదీ అక్కడే. చాటుగా స్త్రీల ఏకాంతాన్ని చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం, అది పైనుంచైనా పక్క నుంచైనా. మంచి పైలట్ ఆ సెక్షన్ దాకా పోనివ్వడు. కెమెరాను వీధి మీదే ఉంచుతాడు.

తర్వాత ప్రొపెల్లర్లను ఒక్కొక్కటే వేలితో తడిమి చూస్తాడు, చిన్న బీట ఉన్నా మారుస్తాడు. ఉపగ్రహాల సిగ్నల్ దొరికి, డ్రోన్ తిరిగి రావాల్సిన చోటు, అంటే హోమ్ పాయింట్, పడేదాకా లేపడు. సిగ్నల్ తెగితే డ్రోన్ తనంతట తాను ఎంత ఎత్తులో వెనక్కి రావాలో ముందే పెడతాడు. చుట్టూ ఉన్న భవనాల కంటే, నీళ్ల ట్యాంకుల కంటే, టవర్ల కంటే అది ఎత్తుండాలి. ఆ అంకె తప్పుగా పెడితే ఇంటికి రావాల్సిన డ్రోన్ పక్క గోడకు కొట్టుకుంటుంది. బ్యాటరీ నిండుగా ఉన్నా చేతికి దొరికేది ఇరవై, ముప్పై నిమిషాలే. ఆషాఢం గాలికి అది ఇంకా తగ్గుతుంది. చినుకు పడితే దించేయాలి.

అన్నిటికంటే ముఖ్యం, జనం నెత్తి మీద నేరుగా నిలపకూడదు. అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద వస్తుంటే ఎంత బాగా కనబడినా కిందికి దింపకూడదు. ఏనుగు చెవిలో ఆ రొద పడితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. వీడియోలో ఒక్క షాటు తక్కువైనా ఫరవాలేదన్న నిబ్బరం ఉన్నవాడే ఈ వీధికి తగిన పైలట్. పోలీసులు తమ డ్రోన్లతో చూసేది ఇంకొకటి: జనం ఎక్కడ బిగుసుకుపోతున్నారు, అంబులెన్స్‌కు ఏ సందు ఖాళీగా ఉంది. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ కంపెనీ సైయెంట్ తెలంగాణ పోలీసులకు డ్రోన్ నిఘా సాయం అందించింది.

పల్లెకు, చెరువుకు, ఆస్పత్రికి

హైదరాబాద్‌కు పైనుంచి చూసే శాస్త్రంతో అనుబంధం పాతదే. జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ 1974లో పుట్టి ఇక్కడే స్థిరపడింది. ఉపగ్రహ చిత్రాలతో పాటు సొంత విమానాలతో ఏరియల్ సర్వేలు చేసింది. 2024లో అది బేగంపేటలోని తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీతో డ్రోన్ శిక్షణకు ఒప్పందం చేసుకుంది. ఒకప్పుడు విమానం నడపడం నేర్పిన ఆ అకాడమీ ఇప్పుడు డ్రోన్ పైలట్లనూ తయారుచేస్తోంది.

ఇద్దరు ముగ్గురు పైలట్లను కదిలిస్తే తెలుస్తుంది, స్థిరమైన రాబడి ఇప్పుడు పెళ్లిళ్ల కంటే పొలాల్లోనే ఉందని. చేతి పంపుతో మందు కొడితే ఎకరానికి వంద లీటర్ల పైన నీళ్లు కావాలి, మనిషి సగం రోజు ఆ మందు గాలి పీల్చాలి. పది లీటర్ల ట్యాంకు ఉన్న డ్రోన్ ఎకరాన్ని పది నిమిషాల లోపే ముగిస్తుంది. మందు చల్లే పద్ధతి మీద కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, గుంటూరు దగ్గర లాంలోని ఎన్జీ రంగా విశ్వవిద్యాలయం పైలట్లకు శిక్షణ ఇస్తున్నాయి. 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన ‘నమో డ్రోన్ దీదీ’ పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలన్నది, ధరలో 80 శాతం, 8 లక్షలకు మించకుండా సాయం. రైతుకూలీగా మందు పీల్చిన ఆడమనిషి అదే చేలో పైలట్‌గా నిలబడడం మామూలు మార్పు కాదు.

మందులు మోయడంలో తెలంగాణ దేశానికే ముందు నడిచింది. వికారాబాద్‌లో 2021 సెప్టెంబరు 11న ‘మెడిసిన్ ఫ్రమ్ ది స్కై’ మొదలైంది. ప్రపంచ ఆర్థిక వేదిక, అపోలో తోడయ్యాయి. కంటికి కనబడని దూరానికి టీకాలు పంపి చూశారు. 2024 అక్టోబరులో ప్రధాని డ్రోన్ సేవలు ప్రారంభించిన ఆస్పత్రుల్లో బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్ రెండూ ఉన్నాయి. హైదరాబాద్ కంపెనీ మారుత్ డ్రోన్స్ చెరువుల్లో గుర్రపుడెక్క మీద దోమల మందు చల్లడంతో పేరు తెచ్చుకుంది. ఆంధ్రలో 2020 డిసెంబరులో జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడు నుంచి మొదలైన భూముల రీసర్వే డ్రోన్ చిత్రాలనూ వాడుకుంది.

కొలత మాట వస్తే పాతబస్తీకి ఒక వెనకటి కథ ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతి ఏళ్లలో లెనార్డ్ మున్ ఆధ్వర్యంలో సర్వేయర్లు గొలుసులు పట్టుకుని నగరాన్ని ఇల్లిల్లూ గీశారు. ఆ పటాలు నేటికీ పరిశోధకులకు ఆధారం. 2024లో జీహెచ్‌ఎంసీ ఆస్తుల సర్వేకు ముందు డ్రోన్‌ను పంపి, తర్వాత మనుషులను ఇంటింటికీ పంపింది.

లాల్‌దర్వాజా బోనాల స్థల పురాణంలో ఆ 1908 వరద కూడా ఉంది. ప్రధాని మహరాజా కిషన్ ప్రసాద్ సలహాతో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మూసీకి పసుపు కుంకుమలు సమర్పించి శాంతించమని వేడుకున్నాడని చెబుతారు. ఘటాలు ఇప్పటికీ నయాపూల్ దగ్గర ఆ నదికే చేరతాయి. వరద రోజు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారు. నీళ్లు తీసేదాకా వాళ్ల దగ్గరికి ఎవరూ పోలేకపోయారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు పడవ పోలేని ఇళ్ల మిద్దెల మీదికి డ్రోన్లు అన్నం పొట్లాలు, నీళ్లు, మందులు మోశాయి. ఒక్కో విడతకు పది కిలోల లోపే. వాటిలో కొన్ని అంతకు ముందు చేలకు మందు కొట్టిన రకమే. ట్యాంకు విప్పి, ఆ చోట సంచి కట్టారు.