195 గుర్రాల కారు, పక్కనే 260 గుర్రాల కారు: నా ఇంటెగ్రా టైప్ ఆర్ కథ

ఈ రోజు మనం స్టూడియోలో లేము, మా ఇంటి గ్యారేజీలో ఉన్నాం. నా వెనక తెల్లగా కనిపిస్తోంది చూడండి, అదే ఈ రోజు కథ. 1998 మోడల్ ఇంటెగ్రా టైప్ ఆర్. అమెరికాలో దీన్ని హోండా పేరుతో అమ్మలేదు, అక్యూరా పేరుతో అమ్మారు. అక్యూరా అంటే హోండా వాళ్లదే ఖరీదైన బ్రాండు.

ఫోన్‌లో చూస్తున్న మీకు ఇదొక పాత చిన్న కారులా కనిపిస్తుంది. నిజమే, చిన్నదే. రెండు డోర్లు, వెనక పైకి లేచే డిక్కీ తలుపు, దాని మీద ఒక రెక్క. లోపల 1.8 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను. టర్బో లేదు. ఇప్పుడు మన దగ్గర పది లక్షలకు దొరికే ఎస్‌యూవీల్లోనే టర్బో ఉంటోంది కదా, మరి ఇందులో ఏముందని ఇంత కథ అంటారా? చెప్తాను, కానీ కాస్త వెనక్కి వెళ్లాలి.

1989లో హోండా వాళ్లు జపాన్‌లో ఇంటెగ్రా కారుతోనే వీటెక్ అనేదాన్ని మొదలుపెట్టారు. ఆ పేరు మీకు మీమ్స్‌లో తెలుసు. అసలు సంగతి ఇది. ఇంజన్లో గాలి లోపలికి రావడానికి, పొగ బయటికి పోవడానికి వాల్వులు ఉంటాయి. వాటిని తెరిచేది క్యామ్ అనే కడ్డీ మీది ఉబ్బులు. ఉబ్బు చిన్నదైతే నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఇంజను సాఫీగా ఉంటుంది గానీ వేగంలో ఊపిరాడదు. పెద్దదైతే వేగంలో బాగుంటుంది గానీ సిగ్నల్ దగ్గర దగ్గుతుంది. హోండా వాళ్లు రెండూ పెట్టారు. తక్కువ వేగంలో చిన్న ఉబ్బులు పని చేస్తాయి. ఆర్‌పీఎం పెరిగాక ఆయిల్ ఒత్తిడితో ఒక చిన్న పిన్ను జరిగి, మధ్యలో ఉన్న పెద్ద ఉబ్బుకు పని అప్పగిస్తుంది. అంతే, ఇంజను గొంతు మారిపోతుంది. ఆ మొదటి ఇంజను 1.6 లీటర్లకే 160 హార్స్‌పవర్ ఇచ్చింది. టర్బో లేకుండా లీటరుకు వంద.

మనవాళ్లకూ ఇది తెలియని సరుకేం కాదు. 2000లో ఇండియాలో హోండా సిటీ 1.5 వీటెక్ వచ్చింది, 106 హార్స్‌పవర్. హైదరాబాద్‌లో అప్పుడు కాలేజీ కుర్రాళ్లకు అదే కలల కారు. చూడ్డానికి బ్యాంకు మేనేజరు గారి కారు, తొక్కితే వేరే సంగతి. ఇప్పటికీ దాన్ని అమ్మకుండా దాచుకున్నవాళ్లు ఉన్నారు.

సరే, జపాన్‌కి వద్దాం. 1992లో హోండా వాళ్లు తమ సూపర్ కారు ఎన్‌ఎస్‌ఎక్స్‌లో బరువు తగ్గించి, ఎన్‌ఎస్‌ఎక్స్ ఆర్ అని తెచ్చారు. మొదటి టైప్ ఆర్ అదే. అయితే దాన్ని కొనగలిగినవాళ్లు ఎంతమంది? అందుకే 1995లో అదే వైద్యం ఇంటెగ్రాకి చేశారు. ఎన్‌ఎస్‌ఎక్స్ వెనకున్న ఇంజనీరు షిగేరు ఉయెహారా చెయ్యి దీని వెనకా ఉంది. ఇంజన్లో గాలి దారుల్ని మనుషులు చేత్తో నున్నగా సానపెట్టారు. సౌండు తగ్గించే మెత్తలు తీసేశారు. ముందు అద్దం పలచన చేశారు. బాడీకి మాత్రం బలం పెంచారు. ముందు చక్రాల మధ్య లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ పెట్టారు, అంటే మలుపులో ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా రెండో చక్రానికి కూడా పని పంచేది. జపాన్‌లో 200 హార్స్‌పవర్. ఆ తెల్ల రంగు, ముందున్న ఎర్ర బ్యాడ్జి ఊరికే పెట్టినవి కావు. 1965లో మెక్సికోలో హోండా మొదటిసారి ఫార్ములా వన్ రేసు గెలిచిన కారు రంగు ఈ తెలుపే. ఆ రోజు నడిపింది రిచీ గింథర్.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. ఆ రోజుల్లో జపాన్ కంపెనీలన్నీ 280 హార్స్‌పవర్ దాటకూడదని పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నాయి. 1989 నుంచి 2004 దాకా నడిచింది. కాగితం మీద స్కైలైన్ జీటీఆర్, సుప్రా అన్నీ 280. లోపల ఎంతుందో వాళ్లకే తెలుసు! ఆ సంతలోకి 200తో, అది కూడా ముందు చక్రాలు లాగే కారుతో వచ్చింది ఇది.

అమెరికాలో 1997లో వచ్చింది. 195 హార్స్‌పవర్. మొదటి ఏడాది కేవలం 320 కార్లు, అన్నీ తెలుపే. 1999లో అసలు తేలేదు. 2001తో ఆపేశారు. అన్నీ కలిపితే నాలుగు వేల లోపే. ప్రతి కారు లోపల నంబరు వేసిన చిన్న రేకు ఉంటుంది. మీ కారు ఎన్నోదో దాని మీద రాసి ఉంటుందన్నమాట.

ఇప్పుడు నా సంగతి. నాది ఒంగోలు. వైటూకే గోలలో ఉద్యోగాలు ఇస్తున్నారంటే 1998లో న్యూజెర్సీలో దిగినవాణ్ణి. మాతో వచ్చినవాళ్లందరూ క్యామ్రీ, అకార్డ్ కొన్నారు. బుద్ధిమంతులు. నేను 2002లో నాలుగేళ్లు వాడిన ఈ కారు పదిహేను వేల డాలర్లకు కొన్నాను. మా రూమ్మేటు, గుంటూరు అబ్బాయి, అదే నెలలో 2001 మస్టాంగ్ జీటీ కొన్నాడు. 4.6 లీటర్ల వీ8, 260 హార్స్‌పవర్. మా అపార్ట్‌మెంటు పార్కింగులో రెండూ పక్కపక్కనే.

వాడి మాట ఒకటే: "గురూ, కుట్టుమిషన్ కొన్నావురా!"

సిగ్నల్ దగ్గర వాడిదే గెలుపు, దాచేదేముంది. ఇంగ్లిష్‌టౌన్‌లో రేస్‌వే పార్క్ అని పావు మైలు పరుగు పందేల చోటు ఉండేది, ఇద్దరం వెళ్లాం. వాడు పద్నాలుగు సెకన్లకు అటూ ఇటూ. నేను పదిహేను దాటాను. కారణం టార్క్. ఒంగోలువాణ్ణి కాబట్టి నాకు తెలిసిన లెక్కలో చెప్తాను. మస్టాంగ్ మా ఒంగోలు గిత్త లాంటిది. బండలాగుడు పోటీలో కాడి వెయ్యగానే కదిలించేస్తుంది. దాని టార్క్ 410 న్యూటన్ మీటర్లు, అది కూడా 4,000 ఆర్‌పీఎం దగ్గరే. నా కారుది 176, అది కూడా 7,500 దగ్గర! అంటే నువ్వు దాన్ని కేకలు పెట్టించాలి. 5,700 దాటాక క్యామ్ మారుతుంది, అక్కణ్ణుంచి 8,400 దాకా ఆ అరుపు. అప్పుడు గేరు మార్చాలి. మళ్లీ అదే. చెయ్యీ కాలూ ఖాళీగా ఉండవు.

తర్వాతి నెల ఒక పెద్ద పార్కింగ్ స్థలంలో ఆటోక్రాస్‌కి వెళ్లాం. రబ్బరు కోన్లు పెట్టి, ఒక్కొక్కరుగా వంకరదారిలో టైముకి నడపాలి. అక్కడ మూడు రౌండ్లలోనూ నేనే ముందు. మస్టాంగ్ కోన్లను తన్నుకుంటూ వచ్చింది. వాడు దిగి, హెల్మెట్ తీసి, "ఒకసారి నాకియ్యి" అన్నాడు. తిరిగొచ్చాక కుట్టుమిషన్ మాట ఎత్తలేదు. అయితే ఇందులో నా గొప్పేం లేదు, కారుదే. అసలు రేసుల్లో కూడా రియల్‌టైమ్ రేసింగ్ అనే టీము వరల్డ్ చాలెంజ్ టూరింగ్ క్లాసులో ఈ కారుతో ఏళ్ల తరబడి టైటిళ్లు కొట్టింది. 2006లో ఈవో అనే బ్రిటిష్ పత్రిక, ముందు చక్రాలు లాగే స్పోర్ట్స్ కార్లన్నిటిలో ఇదే గొప్పదని తేల్చింది.

రోజూ వాడటం మాత్రం వేరే విషయం. యూట్యూబ్ రివ్యూల్లో ఇది చెప్పరు. హైవే మీద అయిదో గేరులో కూడా ఇంజను నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర మోగుతూనే ఉంటుంది. సౌండు మెత్తలు తీసేశారని చెప్పాను కదా, చక్రం కింద రాయి పడితే అది మన ఒళ్లో పడ్డట్టే వినిపిస్తుంది. పెళ్లయి మా ఆవిడ వచ్చిన కొత్తలో ఎయిర్‌పోర్టు నుంచి ఇందులోనే తీసుకొచ్చాను. అరగంట ఓపిక పట్టి, "ఏమండీ, ఇది కారా, పిండిమరా?" అంది. మా అమ్మ వచ్చినప్పుడైతే ఆ లోతు సీట్లోంచి లేవలేక, "నాయనా, నూతిలోంచి చేదినట్టు చేదాలిరా నన్ను" అంది. ఖరీదైన పెట్రోలే పొయ్యాలి. వారానికోసారి ఆయిల్ చూడాలి. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి వెనక చక్రాల పైన తుప్పు. మస్టాంగ్‌కి ఇవేవీ లేవు, అందులో ఏసీ వేసుకుని పాటలు వింటూ పోవచ్చు.

అసలు కష్టం ఇంకొకటి. ఈ ఇంజను సివిక్‌లో పెద్దగా మార్పుల్లేకుండా పట్టేస్తుంది. పాత సివిక్‌లు ఊరినిండా ఉన్నాయి, వాటికి ఈ ఇంజను పెట్టాలని కుర్రాళ్లకు పిచ్చి. ఇంకేముంది? ఇన్సూరెన్స్ వాళ్ల దొంగతనాల లెక్కల్లో అప్పట్లో ఇంటెగ్రా పేరు పైనే కనిపించేది. నేను స్టీరింగ్‌కి ఇనప లాక్ వేసేవాణ్ణి. రాత్రి రెండుసార్లు లేచి కిటికీలోంచి చూసేవాణ్ణి.

2005 జనవరిలో ఒక రాత్రి మూడోసారి లేవలేదు. పొద్దున చూస్తే పార్కింగ్ అంతా జానెడు మంచు. నా చోట మాత్రం బెత్తెడే ఉంది. అంటే మంచు సగం పడ్డాక తీసుకెళ్లారు. మస్టాంగ్ పక్కనే భద్రంగా ఉంది.

తొమ్మిది రోజులకు పోలీసులు ఫోను చేశారు. వెళ్లి చూశాను. ఇటుకల మీద డొల్ల. ఇంజను లేదు, గేర్‌బాక్సు లేదు, సీట్లు లేవు, చక్రాలు లేవు. నంబరు రేకు కూడా ఊడబీకారు. అది దొంగకి ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా ఆవిడ అప్పుడు ఆరో నెల. గ్రీన్ కార్డు ఇంకా రాలేదు, ఉద్యోగం ఊగిసలాటలో ఉంది. ఇన్సూరెన్స్ డబ్బు వచ్చింది. ఆ డబ్బుతో వ్యాన్ కొనమని అందరూ చెప్పారు. కొన్నాం కూడా. కానీ మిగిలిన దాంట్లో రెండు వేలు పెట్టి ఆ డొల్లని నేనే తిరిగి కొన్నాను. మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మాత్రం, "దాని మీద టార్పాలిన్ కప్పండి, వాన పడేట్టుంది" అంది.

మరి ఇంజను? టైప్ ఆర్ ఇంజన్లు అమ్మేవాళ్లు దొరికారు. ఒకతను మూడు వేల అయిదు వందలకు ఇస్తానన్నాడు. న్యూయార్క్‌లో ఒక గ్యారేజీకి వెళ్లాను. ఎర్ర రంగు వాల్వ్ కవరు, శుభ్రంగా ఉంది. బ్లాకు మీద నంబరు చూద్దామంటే, అక్కడ రాపిడి పెట్టి గీకేసి ఉంది. కాగితాలేవి అంటే నవ్వాడు. నేను అక్కడే నిలబడిపోయాను. నిజం చెప్తున్నాను, కొనేద్దామనే అనిపించింది. నాది పోయింది కదా, ఇది తీసుకుంటే చెల్లుకి చెల్లు కాదా? కానీ ఇంకెవరో ఒకడు ఇలాగే పొద్దున లేచి, మంచులో ఖాళీ చోటు చూసి ఉంటాడు కదా. అదీగాక అది నా ఇంజనే అయ్యుండొచ్చు కూడా, ఆ ఆలోచనకే కడుపులో తిప్పింది. బయటికి వచ్చేశాను.

ఏడాదిన్నర తర్వాత, వెనక నుంచి గుద్దుకుని నుజ్జయిన మామూలు ఇంటెగ్రా జీఎస్ఆర్ ఒకటి పూర్తి కాగితాలతో దొరికింది. దాని ఇంజను కూడా 1.8 లీటర్ల వీటెక్కే, కానీ చేత్తో సానపెట్టింది కాదు. 170 హార్స్‌పవర్. దాన్నే ఇందులో పెట్టించాను. అంటే 195 ఉన్నప్పుడే మస్టాంగ్ కన్నా తక్కువ, ఇప్పుడు ఇంకో పాతిక తక్కువ. గేర్‌బాక్సుకి లిమిటెడ్ స్లిప్ తర్వాతెప్పుడో విడిగా కొని వేయించాను.

ఈ మధ్య వీటి ధరలు చూశారా? కొత్తప్పుడు సుమారు 24 వేల డాలర్ల కారు. 2018లో పెద్దగా తిరగని 1997 కారొకటి వేలంలో 63,800 పలికింది. 2022లో ఇంకొకటి లక్ష దాటింది. నా దాన్ని చూడ్డానికి ఒక వ్యాపారి వచ్చాడు. బానెట్ ఎత్తి, ఇంజను నంబరు చూసి, రేకు ఉండాల్సిన చోట రెండు చిల్లులు చూసి, మర్యాదగా టీ తాగి వెళ్లిపోయాడు. గుంటూరు మిత్రుడు మస్టాంగ్‌ని 2009లోనే అమ్మేశాడు. ఇప్పుడు వాడి దగ్గర ఎలక్ట్రిక్ కారుంది, నాలుగు వందల పైచిలుకు హార్స్‌పవర్. ఇక్కడికొస్తే మాత్రం తాళాలు అడుగుతాడు.

పోయిన వేసవిలో మా అబ్బాయి దీని మీదే క్లచ్ నేర్చుకున్నాడు. ఆ రోజు కడుపులో ఉన్నవాడే. మొదటి రోజు పదకొండు సార్లు ఇంజను ఆపేశాడు. రెండో రోజు ఖాళీ రోడ్డు మీద రెండో గేరులో 5,700 దాటించి, క్యామ్ మారగానే ఉలిక్కిపడి కాలు తీసేశాడు. "నాన్నా, ఏదైనా విరిగిందా?" అన్నాడు.

సరే, హెడ్‌ఫోన్స్ ఉన్నవాళ్లు పెట్టుకోండి. గ్యారేజీ తలుపు ఎత్తుతున్నాను. ముందు ఇంజను వేడెక్కనివ్వాలి, చల్లగా ఉన్నప్పుడు తొక్కకూడదు. ఒక అయిదు నిమిషాలు.